పోలమ్మ చోళ్ల కల్లు

పూర్వం కుంభగిరి రాజుగారి కొలువులో మార్తాండ నాయకుడని ఒక మధుపరీక్షకుడు ఉండేవాడు. ద్రాక్షసారా తప్ప తక్కినవన్నీ కుడితి నీళ్లే అతని లెక్కలో. సంతలో అన్నిటికంటే చవకైనది, పోలమ్మ అనే ఆమె మొలకెత్తిన చోళ్లతో, అంటే రాగులతో, పులియబెట్టే కల్లు. దాన్ని ఆపించాలని ఆమెను కొలువుకు రప్పించాడు.

నిండు సభలో ముంతెత్తి గడగడా తాగి, మొహం చిట్లించాడు. "కుడితి, ప్రభూ."

పోలమ్మ వెంట వచ్చిన, రోజూ ఆమె కల్లు తాగే కూలీలు ఒప్పుకోలేదు. "కాదు దొరా, కమ్మగుంటాది."

"వీళ్ల మాట చెల్లదు ప్రభూ. ఇది ఒక్క గుక్క దిగితే నాలుక చచ్చిపోతుంది. ఇక మంచీ చెడ్డా తెలియదు," అన్నాడు నాయకుడు.

కల్లు ఆగితే పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె నాయకుడి చేతిలోని ముంతలోకి తొంగి చూసింది. అడుగున చుక్క లేదు.

"దొరా, నాయకుడుగారు ముంతెడు తాగీసినారు. మరి ఆరి మాటెలాగ చెల్లుతాది?"

నాయకుడు గబుక్కున ఖాళీ ముంతను వెనక్కి దాచుకున్నాడు.

రాజుగారు తనకూ ఒక ముంత పోయమన్నారు. నిదానంగా తాగి, మీసాలు తుడుచుకున్నారు.

"తాగనివాడికి దీని రుచి తెలియదు. తాగినవాడి మాట చెల్లదు. ఇప్పుడు నేనూ తాగాను కనుక నా మాటా చెల్లదు, ఇక ఆపమనేవాడే లేడు. ఇంకో ముంత పొయ్యి, పోలమ్మా."