తిమింగలం గొంతు

దాలినాయుడు మాస్టారు నా తిమింగలం మీద సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు. మూలలు నలక్కుండా జాగ్రత్తగా మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఇంకోటి గీసుకురామ్మా" అన్నారు.

అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్పాలి. మా వైపు రేవుల్లో జాలర్ల కోసం పెద్ద పటాలు పెట్టబోతున్నారు. మన సముద్రంలో తిరిగే తిమింగలాలు, డాల్ఫిన్లు ఏవి ఎలా ఉంటాయో చూపించే పటాలు. వలలో పడినా, ఒడ్డుకి కొట్టుకొచ్చినా చూసి గుర్తుపట్టి కబురు చెయ్యడానికి. అందులో ఒక్క బొమ్మ నాది కావచ్చు. కింద సన్న అక్షరాల్లో కె. ఢిల్లీశ్వరి అని నా పేరు ఉండొచ్చు. కాకపోతే చేపల మ్యూజియంలో ముప్పై ఏళ్ళు పటాలు గీసి రిటైరైన దాలినాయుడు గారు ముందు చూడాలి. చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి. గడువు శనివారం. ఆ రోజు గురువారం.

నాకు ఏ కాలేజీ బొమ్మలు నేర్పలేదు. ఫ్లెక్సీల షాపులో నాయకుల మొహాలు తెల్లగా, మీసాలు నల్లగా చేసి బతికిన దాన్ని. ఫోన్లో వీడియోలు ఆపి ఆపి చూసి ఎముకలు నేర్చుకున్నాను, కండలు నేర్చుకున్నాను. డాల్ఫిన్ రెక్క లోపల మన చేతి వేళ్ళలాంటి ఎముకలుంటాయని తెలిసిన రోజు, నా చెయ్యి నేనే చూసుకుంటూ అన్నం తినడం మర్చిపోయాను. "ఏ కాలేజీ అమ్మా నీది?" అని నవ్వుతూ అడిగే ప్రతివాడికీ ఆ అచ్చుపేరు చూపిద్దామనుకున్నాను.

ఏడాదిగా మాస్టారింటికి వస్తున్నాను. ఏడాదిలో ఆయన నాకు నేర్పింది రెండు. పెన్సిల్ చెక్కడం, నోరు మూసుకోవడం. రెండోది రాలేదు.

ఈ తిమింగలాన్ని నేను ఫోన్లో చూసి గియ్యలేదు. భావనపాడు దాటాక చచ్చి ఒడ్డున పడింది. తల మీద మూడు గట్లుండే రకం. కబురు తెలియగానే షాపు వాడికి చెప్పకుండా బస్సెక్కేశాను. మూడు రోజులు అక్కడే. కర్పూరం నలిపిన తువ్వాలు ముక్కుకి కట్టుకుని, అడుగుకో ముడి వేసిన తాడుతో కొలిచాను. మూతి నుంచి తోక చివరి దాకా ముప్పై ఏడు అడుగులు. కంటి నుంచి రెక్క మొదలు దాకా, వీపు మీది రెక్క ఎత్తు, తోక వెడల్పు, అన్నీ. గొంతు కింద మడతలు వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాను, యాభై ఆరు. జేసీబీ వచ్చి దాన్ని పూడ్చే దాకా కదల్లేదు. ఆ కంపు వారం దాకా నా జుట్టు వదల్లేదు. మా అమ్మ నా కంచం వసారాలోకి తోసింది.

అలాంటి బొమ్మకి, ఇంకోటి గీసుకురామ్మా!

"తప్పెక్కడుందో చెప్పండి మాస్టారూ."

"గొంతు చూడు."

"గొంతు అలాగే ఉంది. సంచిలా కిందకి జారి ఉంది. నేను చేత్తో ముట్టుకుని మరీ చూశాను."

"ఊఁ."

"ఇదిగో కొలతల పుస్తకం. ఒక్క అంకె తప్పుంటే చూపించండి."

ఆయన పుస్తకం తీసుకుని ప్రతి పేజీ చదివారు. మధ్యలో ఒకసారి తల ఊపారు కూడా.

"అంకెలు బాగున్నాయి" అన్నారు.

"మరి?"

"ఇంకోటి గీసుకురా."

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. గోడకున్న ఆయన పటాన్ని అడక్కుండా మేకు మీంచి దించేశాను. అదే రకం తిమింగలం, ఇరవై రెండేళ్ళ కిందట ఆయన గీసింది. అచ్చేసి బళ్ళకి పంచారు, ఆఫీసుల్లో తగిలించారు. ఇప్పటికీ ఎవరికే అనుమానం వచ్చినా ఆ పటమే తీస్తారు. నేను గీసిన బొమ్మకి పలచటి కాగితం మీద, ఆ పటం సైజులోనే, నకలొకటి ఉంది నా దగ్గర. దాన్ని ఆ పటం మీద పరిచాను.

గీతకి గీత కలిసింది. వీపు వంపు కలిసింది. గొంతు కింద ఆ సంచీ కలిసింది.

"చూడండి! మీరు గీస్తే శాస్త్రం, ఫ్లెక్సీల పిల్ల గీస్తే తప్పా?"

నా అరుపు వీధిలోకి వినిపించే ఉంటుంది. వెనక వసారాలో చింతపండు గింజలు తీస్తున్న మాస్టారి భార్య అప్పలనరసమ్మ గారు అక్కణ్ణుంచే కేకేశారు. "ఏటే ఢిల్లీ, ముసలాయన మీద ఇరుచుకు పడిపోతన్నావు? నాకూ కూసింత మిగల్చవే!"

మాస్టారు ఆ రెండు బొమ్మల వైపూ చాలాసేపు చూశారు. ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"బల్ల ఖాళీ చెయ్యి" అన్నారు.

ఇంటికి పొమ్మంటున్నారనుకుని నా కాగితాలు లాక్కున్నాను.

"పొమ్మనడం లేదు. ఆ బల్ల మీద పడుకో. చెంప ఆనించి, ఒళ్ళంతా వదిలెయ్యి."

"ఎందుకు?"

"సంతకం కావాలా, వద్దా?"

పడుకున్నాను. అంత కోపంలో ఒళ్ళు వదిలెయ్యడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. మాస్టారు స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, డివైడరు తీసి నా మొహం కొలవడం మొదలుపెట్టారు. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా. కన్ను నుంచి పెదవి మూల దాకా. గడ్డం కింద కండ ఎంత పొంగిందో అది కూడా. కొలిచిన ప్రతిదీ పైకి చదివి మరీ రాసుకున్నారు.

"మాస్టారూ, మెడ..."

"కదలకు. నీ తిమింగలం కదిలిందా?"

నోటి మూల నుంచి చొంగ కారింది. తుడుచుకోనివ్వలేదు. ఆ తడి కూడా గీశారనుకుంటాను, పెన్సిలు అక్కడ చాలాసేపు ఆగింది. గంట పట్టింది. నా జీవితంలో అంత అవమానం నాకు ఫ్లెక్సీల షాపులో కూడా జరగలేదు.

లేచి మెడ పట్టుకునే లోపే ఆయన కాగితాన్ని నిలువుగా తిప్పి గోడకి ఆనించారు. మొహం కింద మెడ, భుజం మీద జడ, వెనక గుమ్మం కూడా అప్పటికే వేసేశారు. బొమ్మలో ఆ గుమ్మం ముందు నిలబడి ఎవరో పిల్ల నావైపు చూస్తోంది. ఒక చెంప చెవి దాకా ఉబ్బింది. ముక్కు పక్కకి వాలింది. పెదవులు ఒక మూలకి జారిపోయాయి, ఒక కన్ను గీతైపోయింది. కింద గుండ్రటి అక్షరాల్లో రాశారు, కె. ఢిల్లీశ్వరి.

అప్పలనరసమ్మ గారు చింతపండు చేతులతోనే వచ్చి తొంగి చూశారు.

"ఓలమ్మ, ఎవులే ఈ పిల్ల? గవదబిళ్ళలా పాపం?"

"నేనేనంటండీ" అన్నాను.

"నువ్వా!" ఆవిడ నన్నొకసారి, బొమ్మనొకసారి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఎంత కోపమొస్తే మాత్రం, ఆడపిల్లని అలాగ గీసేస్తారేటండీ?"

మాస్టారు డివైడరు నా ముందుకి జరిపారు. "మళ్ళీ పడుకో. మా ఆవిడ కొలుస్తుంది."

కొలిపించుకోలేదు. సరిగ్గానే ఉంటాయని తెలుసు. అదే నన్ను ఇంకా మండించింది.

"కొలతలు సరే! పడుకోబెట్టి గీసి, నిలబెట్టి చూపిస్తారా? ఇది చూసినవాళ్ళు నేనిలా తిరుగుతాననుకోరూ? కింద నా పేరొకటి! చింపెయ్యండి మాస్టారూ. ముందు చింపెయ్యండి దీన్ని!"

అనేశాక ఆ మాటలు నా చెవిన పడ్డాయి.

అప్పలనరసమ్మ గారు మెల్లిగా వసారాలోకి వెళ్ళిపోయారు. నా చేతిలో నా తిమింగలం ఉంది. దాని చుట్టూ రెండు రోజులు కూర్చుని నేను పూసిన నీలం రంగు ఉంది. ఆ నీలంలో అది ఈదుతోంది, చచ్చాక గొంతు ఇసక మీద పరుచుకున్నట్టే పరుచుకుని.

మాస్టారు నా మొహం ఉన్న కాగితాన్ని నిలువునా చింపి బుట్టలో వేశారు. తర్వాత తన పటం తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. మూల తన సంతకం మీద బొటనవేలు ఆనించారు.

"ఇరవై రెండేళ్ళు" అన్నారు. "ఒక్క తిమింగలమూ వచ్చి చింపమని అడగలేదు."