అందరి మాటా కట్టుకున్న రాణి

నరహరయ్య మాస్టారు ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. బందరులో ఆయన దగ్గర నాట్యం నేర్చుకున్నవాళ్ళంతా ఇది ఎరుగుదురు. వయసులో ఉండగా ఆయన భాగవతమేళంలో ఆడవేషాలు కట్టినవారు. రాణిగా తెర మీదుగా జడ ఒక్కటి చూపిస్తే చాలు, జనం ఈలలతో పందిరి లేచిపోయేదట. ఆయన సంగతి ఇంత తెలిసీ కుముదిని ఆయన్నే అడగడానికి వెళ్ళిందంటే, పాపం, ఆమెకు అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

కుముదిని చాలా ఏళ్ళుగా పిల్లలకు నాట్యం చెబుతోంది. ఎడమ రొమ్ములో కాన్సర్ అన్నారు. తీసెయ్యాలన్నారు. అంతవరకు ఆమె ఏడ్చి, ఊరుకుని, సరేనంది. చిక్కంతా ఆ తరవాతి దానితోనే. తీసినచోట సిలికాన్ పెట్టవచ్చు, పొట్ట దగ్గరి కొవ్వూ చర్మమూ తెచ్చి కొత్తది కట్టవచ్చు, వీపు కండ ముందుకు తిప్పవచ్చు, మందులన్నీ అయ్యాక తీరిగ్గా చేయించుకోవచ్చు, అసలేదీ వద్దని చదునుగా వదిలేయనూవచ్చు. మీ ఇష్టం, రేపు చెప్పండి, అంది డాక్టరమ్మ. ఆ 'మీ ఇష్టం' తమతోనే అన్నదనుకున్నారు ఇంట్లో అందరూ. సిలికాన్ ఒంట్లో పెట్టుకోవడమేమిటని తల్లి. పొట్టదైతే స్వామికార్యమూ స్వకార్యమూ, పొట్టా తగ్గుతుందని ఆడపడుచు. ఏదీ వద్దు, నువ్వు బతికుంటే చాలని భర్త, కళ్ళు తుడుచుకుంటూ. అందరూ ప్రేమకొద్దీ చెప్పినవాళ్ళే. అందుకే ఆమెకు నిద్ర లేదు.

"మీరేది చెయ్యమంటే అది చేస్తాను మాస్టారూ" అంది కుముదిని.

మాస్టారు వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు. "దివిసీమలో ఒకసారి నా వేషానికి రొమ్ములు ఎలా కట్టాలా అని మేళమంతా కొట్టుకుంది. నిండుగా కనపడాలి, కొబ్బరి చిప్పలే కట్టమన్నాడు మేళం నాయకుడు. కాదు, దూదయితేనే సహజమని హార్మణీ వాయించే ఆయన. చెమటకి దూది ముద్దవుతుంది, గుడ్డ పేలికలు కుక్కమని మా మామ. పెద్దవాళ్ళాయె, ఎవర్నీ కాదనలేక అన్నీ కట్టాను. లోపల చిప్పలు, పైన దూది, సందుల్లో పేలికలు. తీరా రంగం మీదికి వెళితే నా కాళ్ళు నాకే కనపడవు! మొదటి చుట్టు తిరిగేసరికి ఎడమది చంకలోకి పోయింది. ముందు వరసలో ఓ ముసలమ్మ లేచి, 'అమ్మా రాణీ, ఒకటి జారింది, చూసుకో తల్లీ!' అని కేకేసింది."

కుముదిని పకపకా నవ్వింది. ఆసుపత్రి మెట్లెక్కినప్పటినుంచీ ఆమె నవ్వడం అదే మొదటిసారి. మాస్టారూ నవ్వారు. నవ్వి, కాస్త గొంతు తగ్గించి అన్నారు: "నాది తెల్లారితే విప్పేసే వేషం తల్లీ. నీది ఒళ్ళు. రెండూ ఒకటని నేననను. లే, నీకు నేర్పిన ఆ రాణి ఆట ఒకసారి ఆడు."

ఆమె కొంగు బిగించి లేచింది. గడప దగ్గర్నుంచి కిటికీ దాకా నడిచి, చేతులెత్తి, గిర్రున తిరిగి, నేల మీదికి వాలి లేచింది. ఎవరూ చెప్పకుండానే మళ్ళీ చేసింది. ఈసారి ఎడమ చెయ్యి పైకెత్తి అలాగే ఆగింది. వీపులో ఏ కండ లాగుతోందో, వాలినప్పుడు పొట్ట ఎంత బరువు మోస్తోందో చూసుకుంది. గోడనున్న అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకుంది.

"వీపు ముట్టుకోనివ్వను మాస్టారూ. పొట్టా ఇవ్వను. అవి నా ఆటకి కావాలి," అంది. అని, ఏమీ సిగ్గుపడకుండా, "అద్దంలో మాత్రం నాకు రెండూ కావాలి. సిలికానే పెట్టించుకుంటాను. కొన్నేళ్ళకు మార్చాల్సి రావచ్చన్నారు. వస్తే మారుద్దాం. అమ్మ గొణుగుతుంది, గొణగనీ," అంది. ఆ మాట అనేశాక ఆమెకు ప్రాణం తేలికపడింది. ఆకలి కూడా వేసింది.

మాస్టారు ఇంకో వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు. కుముదిని గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. "ఇంతకీ మర్నాటి ఆటకి మీరేది కట్టుకున్నారు మాస్టారూ?"

"అది ముందే చెప్పుంటే, నువ్వూ ఈపాటికి అదే కట్టుకునేదానివి," అన్నారు మాస్టారు.