నక్క ఓబులేసు మిక్సీ బేరం

ఎర్రగుట్ట కింద రైతులు వేరుశనగ పెరికేశాక, మట్టిలో మిగిలిన కాయలు గుట్ట మీది జంతువులవి. కోతి కొండమ్మవ్వ ఆ ఏడు కూడా ఎండనక వంగి వంగి రెండు బుట్టల పరిగ ఏరింది. కాయలు ఎండబెట్టి బండసందులో దాచుకుంది. వానలు పట్టుకుంటే కొమ్మ దిగి తిరిగే వయసు కాదు ఆమెది. ఆ రెండు బుట్టలే వానాకాలమంతా తిండి.

అంతా బాగానే ఉంది గానీ, ఉన్న ఆఖరి రెండు పళ్లూ కిందటి వారం ఊడిపోయాయి.

"కాయలు చూసుకుని మురవడమే గానీ కొరికేదెట్లా సుంకమ్మా? పొడి చేస్తే తప్ప నా గొంతు దిగదు," అని పక్క పొదలో ఉండే ముళ్లపందితో మొరపెట్టుకుంది.

"ఈ చేతులతో ఏం దంచుతావు గానీ, ఒక పాత మిక్సీ చూసుకో అక్కా. ఫోన్లో బోలెడున్నాయి," అంది సుంకమ్మ.

గుట్ట మీద అందరికీ ఫోన్లున్నాయి. చేలోని మోటారు కొట్టంలో చార్జింగ్ పెట్టుకుంటారు. ఫోన్లో 'గుట్టసంత' అని ఒకటుంది. అక్కర్లేని సామాను ఫొటో తీసి అందులో పెడితే, కావలసినవాళ్లు కొనుక్కుంటారు. అందులో నక్క ఓబులేసు పెట్టిన మిక్సీ తళతళా మెరుస్తూ కనబడింది. 'ఆరు నెలలే వాడినది. ధర ఒక బుట్ట వేరుశనగ. ముందొచ్చినవారికే' అని కింద రాసి ఉంది.

కొండమ్మవ్వ ఫోన్ చేసింది.

"నువ్వు కాబట్టి ఇస్తున్నానవ్వా! తమకిమ్మని కుందేళ్లు ప్రాణం తీస్తున్నాయి. ముందు బుట్ట పంపించు, సాయంత్రానికల్లా మిక్సీ నీ చెట్టు కింద ఉంటుంది," అన్నాడు ఓబులేసు.

"ఎందుకు అమ్ముతున్నావు నాయనా?"

"మా ఆవిడ అలిగి పుట్టింటికి పోయింది. ఇంక వండేదెవరు, రుబ్బేదెవరు?"

"సరే, ఆలోచించుకుని చెప్తా," అందామె.

మర్నాడు ఆ మాట అడిగిందో లేదో గుర్తురాక మళ్లీ అడిగింది. "ఎందుకు అమ్ముతున్నావు నాయనా?"

"మా ఆవిడ ఇంకా పెద్దది కావాలంటే కొన్నానవ్వా. ఇది పెట్టడానికి వంటింట్లో చోటు లేదు."

కొండమ్మవ్వ నొసలు ముడిపడింది. "మీ ఆవిడ పుట్టింటికి పోయిందన్నావే నిన్న?"

ఓబులేసు పకపకా నవ్వాడు. "నేనెప్పుడన్నాను? పాపం, మతిమరుపు ముదిరిపోయిందవ్వా నీకు! బుట్ట పంపుతానని నిన్న మాటిచ్చావు, అదైనా గుర్తుందా? నీ మాట నమ్మి కుందేళ్లను పొమ్మన్నాను. ఇప్పుడు కాదంటే గుట్ట మీద నీ పరువేం కాను?"

ఫోన్ పెట్టేసి కొండమ్మవ్వ ఆలోచనలో పడింది. ఈమధ్య మనవళ్లలో ఒకడి పేరు ఇంకొకడికి పెట్టి పిలుస్తున్న మాట నిజమే. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని చెట్టంతా వెతికిన మాటా నిజమే. మాటిచ్చి మర్చిపోయేదాకా వచ్చిందా? బుట్టెడు కాయలు పోవడం ఒక దిగులైతే, రేపటినుంచి ఎవరేం చెప్పినా తలాడించాల్సిందేనా అన్నది అంతకన్నా పెద్ద దిగులు.

"సుంకమ్మా, నిజం చెప్పు. నిన్న నేను మాటిచ్చానా?"

"ఎక్కడిచ్చావు? నా ముళ్ల మధ్య పేలు చూస్తూనే కదా ఫోన్ మాట్లాడావు! ఆలోచించుకుని చెప్తానన్నావు. పెళ్లాం పుట్టింటికి పోయిందని వాడే అన్నాడు. ఈ రెండు చెవులతో విన్నాను."

కొండమ్మవ్వ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"పళ్లు పోతే పోయాయి, ఉన్న బుర్ర కూడా లేదని నన్నే నమ్మించబోయాడా! బయల్దేరు. రెండు బుట్టలూ ఎత్తు."

"వాడడిగింది ఒకటే కదక్కా?"

"ఎత్తమన్నానా!"

మోటారు కొట్టం వెనకే నక్క బొరియ. వీళ్లు స్వయంగా వస్తారని ఓబులేసు అనుకోలేదు. మిక్సీ మోటారు కాలిపోయి ఏడాదైంది. కానీ ఒకటి కాదు, రెండు బుట్టలు కంటపడేసరికి నోరూరింది.

"కాస్త ఆడించి చూపించు నాయనా," అంది కొండమ్మవ్వ, దోసెడు కాయలందిస్తూ.

"బయట దుమ్మవ్వా. లోపల ఆడించి తెస్తాను. మీరు రాకండి, షాకు కొడుతుంది. అదేంటి, తొక్కతో ఇచ్చావు?"

"ఏం, నీ మిక్సీ తొక్క తీయదా?"

ఓబులేసు రెండో బుట్ట వంక ఓరగా చూశాడు. "తీయకేం! అన్నీ చేస్తుంది!"

లోపలినుంచి 'గుర్ర్ర్' మని శబ్దం. దాని వెనకే ధన్ ధన్ మని ఇంకొకటి. సుంకమ్మ మెల్లగా రాతి సందులోంచి తొంగి చూసింది. ఓబులేసు కాయలు ఒలిచి, ఊది, గుండ్రాయితో దంచుతూ, నోటితో గుర్రుమంటున్నాడు!

"అక్కా, వాడు..."

"ష్. మిక్సీ పనిచేస్తోంది, చేయనీ."

ఓబులేసు చెమటలు తుడుచుకుంటూ పొడి తెచ్చాడు. కొండమ్మవ్వ నోట్లో వేసుకుంది.

"వెన్నలా ఉంది నాయనా. దోసెడు ఎవరైనా ఆడిస్తారు, బుట్టెడు తట్టుకుంటుందా?"

బుట్టెడూ దంచాడు. గుర్ర్ర్ అన్నాడు. గుర్ర్ అన్నాడు.

"ఇందాకే బుట్టెడు ఆడించి చూపించానంటావా? మతిమరుపు నాయనా, నువ్వే చెప్పావు కదా! ఈ రెండో బుట్ట కూడా ఆడించావంటే నా అనుమానం తీరిపోతుంది."

ఎలాగూ నాకొచ్చే కాయలే కదా అనుకుని అదీ దంచాడు. గుర్ అన్నాడు. గ్... అన్నాడు. పొద్దు వాలేవేళకి అరచేతులు బొబ్బలెక్కి, నాలుక వేలాడేసి బయటికొచ్చాడు.

"ఇంక... బేరం..." అన్నాడు గుసగుసగా.

"ఏం బేరం నాయనా! పొద్దున గుర్రున తిరిగిన మిక్సీకి సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఒక్కరోజుకే ఇట్లయితే వానాకాలమంతా ఏం పనిచేస్తుంది? నాకొద్దు."

ఓబులేసు నోరు తెరిచాడు. ఆ గొంతు మిక్సీది కాదు, నాదని చెబితే మోసం తానే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఉత్త చేతులు. పైగా చెప్పడానికి గొంతే లేదు. తెరిచిన నోరు అలాగే మూశాడు.

రెండు బుట్టల మెత్తటి పొడి మోసుకుని ఇద్దరూ గుట్టెక్కుతుంటే సుంకమ్మ నవ్వాపుకోలేక అడిగింది.

"పాపం, రోజంతా దంచాడు. కూలన్నా ఇవ్వాల్సింది కదక్కా?"

"మిక్సీకి ఎవరైనా కూలిస్తారా?" అంది కొండమ్మవ్వ.

నీతి: నీ బుర్రను తప్పుపట్టి సరుకు అంటగట్టాలని చూసేవాణ్ణి, సరుకుకన్నా ముందు పరీక్షించు.