ఇంకా రాని చుట్టానికి విస్తరి

అనగనగా, కొండల కింద ఒక ఊళ్ళో, ఎక్కడని అడక్కు బుజ్జీ, నాకూ తెలీదు, సోమయాజులు గారనే వైద్యుడి మందుల కొట్టు ఉండేది. అందులో వెండి, తగరం, సీసం, గంధకం, పాదరసం అన్నీ జాడీల్లో ఉండేవి. వాటిని సర్దే ఆవిడ పేరు అచ్చాయమ్మ. ఒకరి మాట వినే రకం కాదు, అచ్చం నీలాగే.

మొదట రంగు చూసి సర్దింది. తెల్లనివన్నీ ఒకచోట పెట్టింది. అప్పుడు పాదరసం ఒలికి పక్కనున్న వెండి రేకుల్లోకి పాకింది. రేకులన్నీ పాడైపోయాయి.

ఆ తర్వాత బరువు చూసి సర్దింది. తేలిక కదా అని గంధకాన్నీ పొయ్యిలోంచి తీసిన బొగ్గునీ పక్కపక్కన పెట్టింది. బొగ్గులో ఎక్కడో నిప్పు మిగిలుంది. గంధకం అంటుకుంది. వీధి వీధంతా ఒకటే దగ్గు! "ఇంకొక్క తప్పు చేశావంటే నీకిక్కడ పని లేదమ్మా" అన్నారు సోమయాజులు గారు. పాపం, ఆ పనంటే ఆవిడకు ప్రాణం.

అప్పుడు అచ్చాయమ్మ పొయ్యి ముందు కూర్చుని, నిప్పు మీద ఏది ఎలా ఉంటుందో చూసింది. గరిటెలో వేస్తే తొందరగా కరిగేవన్నీ ఒక ఇంటివాళ్ళు అనుకుంది. పెళ్ళి భోజనాల్లో చుట్టాలను కూర్చోబెట్టినట్టు వరసలు కట్టింది. తగరానికీ సీసానికీ మధ్య మాత్రం ఒక ఖాళీ జాడీ పెట్టింది.

"ఇదేమిటి?" అన్నారు సోమయాజులు గారు.

"తగరం కరిగాక సీసం కరగడానికి చాలాసేపు పడుతోంది అయ్యగారూ. నడుమ ఇంకో చుట్టం ఉండాలి. ఇంకా రాలేదు. విస్తరి వేసి ఉంచాను."

"లేని చుట్టానికి విస్తరా! నెలలోగా రాకపోతే నువ్వు ఇంటికి వెళ్ళు."

ఊరంతా నవ్వింది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

గడువుకు ఒక్క రోజు ఉందనగా, గవరయ్య అనే కొండ మనిషి కొంచెం ఎర్రగా మెరిసే లోహపు ముద్ద తెచ్చాడు. పేరు తెలీదన్నాడు. అప్పుడు అచ్చాయమ్మ మూడు గరిటెల్లో సమానంగా తగరం, సీసం, ఆ ముద్దలోంచి ఓ ముక్క వేసి పొయ్యి మీద పెట్టింది. తగరం కరిగింది. ఆ తర్వాత గవరయ్య తెచ్చింది కరిగింది. సీసం ఇంకా గట్టిగానే ఉంది.

సోమయాజులు గారు ఖాళీ జాడీని తన ఉత్తరీయంతో తుడిచి ఆవిడ చేతికిచ్చారు.

"అచ్చాయమ్మా, ఇంకా ఎంతమంది రావాలి?"

"ఏమో అయ్యగారూ. వస్తూనే ఉంటారు."

"అయితే వడ్రంగికి కబురు పెట్టు. అల్మరా పెద్దది చేయిద్దాం."

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంట్లోనే,
నువ్వేమో నా ఒళ్ళోనే.