ఒక్కరోజు కావలి

ఏటి నడుమ ఉన్న దూరపు కోటకు వంతెన ఒక్కటే దారి. దాన్ని లోపలి కావలివాడే దించాలి. ఆ కొలువు తనకే కావాలని రాణిగారి తమ్ముడు భుజంగం పట్టుబట్టాడు.

“వీడు దించలేకపోతే లోపలివాళ్లంతా పస్తులే!” అని రాజు వంటామె పేరమ్మ దగ్గర వాపోయాడు.

“ఒక్కరోజుకే పంపండి బాబూ. పాత కావలివాణ్ణి లోపలే ఉంచండి. పొద్దుగూకగానే ఎవరి ఆజ్ఞా లేకుండా అతనే పనిలోకి దిగాలి. కొలువు ఖాయం కావాలంటే ఆలోగా భుజంగంగారే వంతెన దించుకుని వచ్చి మిమ్మల్ని అడగాలి.”

భుజంగం వంతెన దించబోయి గొలుసుకు చిక్కుముడి వేసి కూర్చున్నాడు. పొద్దుగూకాక పాతవాడు దాన్ని విప్పి వంతెన దించాడు.

భుజంగం రుసరుసలాడుతూ రాజు దగ్గరికి వచ్చాడు. “నన్ను తీసెయ్యమని ఎవరు చెప్పారు బావా?”

“ముందు కాళ్లు కడుక్కోండి నాయనా,” అంది పేరమ్మ. “తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఉంచమని అడగడానికే మీరు వేళకు రాలేకపోయారు.”