కొండ మీద వడ్డించిన మాట

బెద్రీ మూట కుట్టేశాడు. మైనపు గుడ్డ చుట్టి, చుట్టూ దారం కట్టి, పైన లక్క ముద్ర కూడా వేశాడు. శుక్రవారం రైలుకి ఆ మూట జర్మనీకి బయల్దేరాలి. ఇంత చేసినా వాడికి అన్నం సహించడం లేదు.

మూటలో ఉన్నది నాలుగేళ్ళ చాకిరీ. బెద్రీ తుర్కీవాడు. అనతోలియా కొండల కింద ఓ చిన్న పట్నంలో, ఓ సూఫీ మఠంలో ఉండి పాత మాటల గురించి పుస్తకం రాశాడు. పాతకాలపు జర్మన్ తెగలవాళ్ళు పెద్దలంతా చేరి తీర్పు చెప్పుకునే సభని 'తింగ్' అనేవాళ్ళట. తుర్కీ పాత భాషలో 'తింగ్‌లా' అంటే విను అని. సభ అంటే వినే చోటే కదా! వాళ్ళ రాజు 'కూనింగ్', వీళ్ళ రాజు 'కాన్'. ఇంకేముంది, రాజుకీ సభకీ పేర్లు మా గుర్రాలెక్కే అక్కడికి వెళ్ళాయన్నాడు బెద్రీ. అని ఊరుకున్నాడా, ఆరువందల పేజీలు రాశాడు.

పిచ్చివాడని నవ్వకండి. దాని వెనకాల ఓ భోజనాల బల్ల ఉంది.

వాడు జర్మనీలో చదువుకునే రోజుల్లో, అందరూ తింటుండగా తోటి విద్యార్థి ఒకడు అన్నాడు: "తుర్కీవాళ్ళు మన దేశాలకి ఏం తెచ్చారయ్యా? గుర్రాలు తెచ్చారు. గుర్రాలు పేడ వేశాయి." బల్లంతా గొల్లున నవ్వింది. బెద్రీ కూడా నవ్వాడు. ఏం చేస్తాడు పాపం, ఒక్కడే ఉన్నాడు. వాళ్ళ నవ్వు వాడు ఎప్పుడో మరిచిపోయాడు. తన నవ్వు మాత్రం పదేళ్ళయినా కడుపులో మండుతూనే ఉంది.

అక్కడి ప్రొఫెసర్ ఒకాయన మంచివాడు, పుస్తకం సంగతి విని ఉత్తరం రాశాడు. "ఒకలా వినిపించినంత మాత్రాన మాటలు చుట్టాలైపోవు. మీ జనం ఎక్కడైనా సభని ఆ మాటతో పిలుస్తున్నారని ఒక్క సాక్ష్యం చూపించు. అచ్చు వేయించే పూచీ నాది."

ఆ ఒక్క సాక్ష్యం కోసం బెద్రీ కొండలన్నీ ఎక్కి దిగాడు. కిందటి వేసవిలో దొరికింది. కొండ మీద గొర్రెలు మేపుకునే సంచార జనం గుడారాల్లో దొరికింది. చీటీ మీద రాసుకున్నాడు: 'సభను తింగ్ అంటారు. ముసలమ్మ చెప్పింది: మా పుట్టింటి వైపు ఇంకా ఎక్కువ అంటారు.' రెండో వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. పుస్తకమంతా ఆ చీటీ మీదే నిలబడింది.

మఠంలో గురువు రిఫ్కీ దెదే. దెదే అంటే వాళ్ళ భాషలో తాతయ్య. ఆయనకి ఆరు భాషలు వచ్చు. ఆ సంగతి ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు, పక్కవాళ్ళు చెబితే తెలియాలి. బెద్రీ మూట తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, దీవించమన్నాడు. చీటీలో ఉన్నది నోటికి అప్పజెప్పాడు.

దెదే అంతా విన్నాడు. "వాళ్ళని ఏమని అడిగావు?" అన్నాడు.

"ఏమని అడిగితేనేం దెదే, అంటామన్నారు కదా!"

"అన్నారు. నువ్వేమని అడిగావు?"

"సభని మీరు 'తింగ్' అంటారు కదా అని అడిగాను."

దెదే గడ్డం నిమురుకున్నాడు. "రేపు పొద్దున్నే గాడిదకి జీను వెయ్యి. నాకు కొండ మీద మజ్జిగ తాగాలనుంది."

బెద్రీకి ఒళ్ళు మండింది. మజ్జిగట, మజ్జిగ! ఎల్లుండి శుక్రవారం. మజ్జిగ పట్నంలో లేదా? గురువుని ఏమంటాం, నోరు మూసుకుని జీను వేశాడు. మూటని మఠంలో వదలడానికి మనసొప్పక, చంకలో బిడ్డలా పెట్టుకుని వెంట నడిచాడు.

దారి నిటారుగా ఉంది. సగం ఎక్కాక దుమ్ము ముక్కులోకి పోయి గాడిద గట్టిగా తుమ్మింది. ఫర్ర్‌మని మొదలుపెట్టి గూల్‌మని ముగించింది. దెదే పగ్గం ఆపి, నవ్వాడు.

"బెద్రీ, ఫర్గూల్ అనే మాట ఏ భాషలోనైనా ఉందా?"

"లేదు దెదే."

"బాగా ఆలోచించి చెప్పు. అరబ్బీలో? పారసీలో? మీ జర్మన్‌లో?"

"ఎక్కడా లేదు. అది గాడిద తుమ్ము."

"సరే అయితే," అని దెదే మళ్ళీ బయల్దేరాడు. ముసలాయనకి ఎండ దెబ్బ తగిలిందేమోనని బెద్రీకి దిగులేసింది.

మధ్యాహ్నానికి పైకి చేరారు. నల్ల మేకవెంట్రుకల గుడారాలు పదిహేనో పదహారో ఉన్నాయి. కుక్కలు మొరిగాయి. పెద్దమనిషి దుర్సున్ అగా పరుగున ఎదురొచ్చి దెదే చేతులు కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళమ్మ గుల్సుం అవ్వ దుప్పట్లు పరిచింది. రొట్టె వచ్చింది, వెన్న వచ్చింది, చెక్క గిన్నెల్లో మజ్జిగ వచ్చింది. తేనె అయిపోయినట్టుంది, ఓ కోడలు గబగబా పక్క గుడారంలోకి వెళ్ళి గిన్నెతో తిరిగొచ్చింది. ఆ జనంలో అతిథికి లేదని చెప్పడం ఎరగరు. ఇల్లు తగలబడుతున్నా ముందు గిన్నె నింపి తరవాత నీళ్ళకి పరిగెత్తుతారు.

దెదే మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు.

"దుర్సున్ అగా, మీరంతా చేరి కూర్చుని తగవులు తీర్చుకోవడాన్ని ఫర్గూల్ అంటారట కదా?"

బెద్రీ చేతిలో రొట్టె ఆగిపోయింది.

దుర్సున్ అగా వాళ్ళమ్మ వంక చూశాడు. అమ్మ కొడుకు వంక చూసింది. ఒక్క క్షణం, అంతే.

"అంటాం దెదే. ఎందుకనం! తాతలనాటి మాట," అన్నాడు దుర్సున్ అగా.

అవ్వ ఉత్సాహంగా ముందుకు వంగింది. "మా పుట్టింటి వైపు ఇంకా ఎక్కువ అంటారు."

బెద్రీ లేచాడు. మూట పట్టుకుని గుడారాల వెనక రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ కూర్చుని ఏడ్చాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక్కడ దుర్సున్ అగా మొహం పాలిపోయింది. "మేమేమైనా తప్పు మాట్లాడామా దెదే?"

"లేదయ్యా. ఇంకొంచెం మజ్జిగ పొయ్యి," అన్నాడు దెదే. ఆయన శిష్యుడి వెనక వెళ్ళలేదు, పిలవనూ లేదు. కానీ ఆ రెండో గిన్నె ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

వెళ్ళింది గుల్సుం అవ్వ. రొట్టె ముక్కలో వెన్న చుట్టి తీసుకెళ్ళి, బెద్రీ పక్కన రాయి మీద చతికిలబడింది.

"నువ్వు పోయినేడు వచ్చినవాడివే కదూ? మాట అడిగావు."

బెద్రీ తలూపాడు.

"ఎండన పడి అంత దూరం వచ్చావు. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ మాట అంటారా అని అడిగినప్పుడు నీ మొహం ఎలా ఉందో నీకు తెలీదు, నాకు తెలుసు. లేదని ఎలా చెప్పమంటావు నాయనా? తేనె లేకపోతే పక్కింట్లోంచి తెచ్చి పెడతాం. మాట లేకపోతే ఎక్కణ్ణుంచి తెస్తాం? నీదే నీకు పెట్టాం."

అవ్వ ఆ ముక్క చెప్పి రొట్టె వాడి చేతిలో పెట్టి కూర్చుంది. బెద్రీకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కాసేపటికి రొట్టె తిన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు మరి.

పొద్దు వాలుతుండగా గుడారాల మధ్య ఖాళీ జాగాలో జనం చేరడం మొదలుపెట్టారు. ఎవరూ కేక వెయ్యలేదు, డప్పు కొట్టలేదు. ఒకడొచ్చి నేల మీద కూర్చున్నాడు, వాడి పక్కన ఇంకొకడు, అలా చుట్టూ ఓ వలయం తయారైంది. తగవు ఊట నీళ్ళ గురించి. బావాబావమరుదులిద్దరికి పడటం లేదు. నా గొర్రెలు ముందని ఒకడు, నావి ముందని ఒకడు.

దుర్సున్ అగా పెద్దమనిషి కదా, పైన ఎక్కడో కూర్చుంటాడనుకున్నాడు బెద్రీ. ఆయన వచ్చి అందరికంటే చివర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. దెదేకి కూడా వేరే చోటు వెయ్యలేదు, ఆడవాళ్ళ వరసలో ఎక్కడో ఇరుక్కున్నాడు.

బావమరిది మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. నీళ్ళ సంగతి వదిలేసి మధ్యలో పెళ్ళినాడు జరిగిన అవమానం ఎత్తుకున్నాడు, ఎత్తుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరూ అడ్డు రాలేదు, నవ్వలేదు. వాడు ఆగాక కూడా, ఇంకేమైనా మిగిలిందేమోనని అందరూ కాసేపు ఆగారు. ఆ తరవాతే బావ నోరు విప్పాడు. దుర్సున్ అగా ఆఖరున రెండంటే రెండు మాటలు చెప్పాడు. ఒకరోజు వీడు ముందు, ఒకరోజు వాడు ముందు. లేచి వెళ్ళేటప్పుడు బావమరిది ఒంటి మీద గడ్డి పరక ఉంటే బావ దులిపాడు.

బెద్రీ ఇదంతా అవ్వ పక్కన కూర్చుని చూశాడు. కిందటి వేసవిలో రెండు రోజులున్నాడు ఇక్కడ. అప్పుడూ సభ జరిగే ఉంటుంది. వాడు గుడారంలో కూర్చుని చీటీ శుభ్రప్రతి రాసుకుంటున్నాడు.

"అవ్వా," అన్నాడు. "దీన్ని మీరేమంటారు?"

అవ్వ వాడి మొహం వంక చూసింది, ఏం చెబితే సంతోషిస్తాడా అని వెతికింది. ఈసారి అక్కడ ఏమీ దొరకలేదు.

"దేన్ని?"

"ఇలా అందరూ చేరి కూర్చోవడాన్ని."

"దీనికి పేరేమిటి నాయనా?" అవ్వకి నవ్వొచ్చింది. "మాటొస్తే కూర్చుంటాం. కూర్చుంటే వింటాం. అంతే."

బెద్రీ మూట ఒళ్ళో పెట్టుకుని లక్క ముద్ర పగలగొట్టాడు, కుట్టు విప్పాడు. ఆరువందల పేజీల్లోంచి ఆ చీటీ బయటికి తీశాడు. ఎర్ర గీతల కింద ఖాళీ ఉంది. జేబులోంచి పెన్సిల్ తీసి రాశాడు: 'ఈ మాట వాళ్ళకి నేనే ఇచ్చాను. నేనిచ్చిందే నాకు పెట్టారు. నేను అడగకుండా వాళ్ళు అన్న మాట: కూర్చుంటాం, వింటాం. ఆ సభకి పేరు లేదు.'

మొదటి పేజీ తీసి, 'వెళ్ళాయి' అన్న చోట కొట్టేసి 'వెళ్ళి ఉండొచ్చు' అని దిద్దాడు. పెన్సిల్ మొన అరిగేదాకా అలాంటివి దొరికినన్ని దిద్దాడు. మిగతావి రైలు వచ్చేలోపు అవుతాయో లేదో తెలియదు.

దెదే ఎప్పుడొచ్చాడో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"పంపుతావా?"

"పంపుతాను దెదే."

"చీటీ చించేస్తావనుకున్నాను."

"అతిథికి పెట్టింది పారేస్తారా?"

దెదే కళ్ళు తడి అయ్యాయి. ఆయన దాన్ని దాచుకోలేదు. "నవ్వుతారేమో వాళ్ళు," అన్నాడు మెల్లగా.

"నవ్వనివ్వండి. ఈసారి నవ్వొస్తేనే నవ్వుతాను నేను."

గుల్సుం అవ్వ గుడారాలు కుట్టుకునే పెద్ద సూది, మేకవెంట్రుకల దారం తెచ్చి ఇచ్చింది. మైనపు గుడ్డ అంచులు బిగువుగా ఉండి కలవడం లేదు. దెదే ముందుకు జరిగి రెండు అంచులూ దగ్గరకి లాగి పట్టుకున్నాడు. బెద్రీ కుట్టడం మొదలుపెట్టాడు.