నెమలి ముద్ర ఎవరిది?

రేవులో ఓడ ఎక్కబోతున్న రెండు చీరల మూటల్ని సుంకాధికారి ఆపాడు. రెండింటి మీదా ఒకటే నెమలి ముద్ర. ఒకటి చీరలకు రంగులద్దే సింగన్నది, రెండోది పెద్ద వర్తకుడు వీరభోగయ్యది. దొంగముద్ర వేసిన సరుకు తగలబెట్టాలని రాజాజ్ఞ.

"ముద్ర మా తాతలనాటిది!" అని గుడ్లురిమాడు వీరభోగయ్య.

సింగన్న అధికారి ముందు చేతులు కట్టుకున్నాడు. "అలాగే కానివ్వండి అయ్యగారూ. పోయినేడు ఈ ముద్ర చీర కట్టిన సింహళ రాణిగారు, అద్దినవాణ్ణి వెంటనే తీసుకురమ్మని భటుల్ని పంపారు. అదుగో, ఓడ దిగుతున్నారు. ఈయన్ని అప్పగించండి."

తన చీరల రంగు తొలి ఉతుకుకే వెలిసిపోతుందని వీరభోగయ్యకి తెలుసు. రాణి పిలుపు అందుకేననుకున్నాడు. "ముద్ర వీడిదే! వీడిది చూసి నేను చెక్కించాను!" అంటూ అధికారి కాళ్లమీద పడ్డాడు.

అతని మూట మంటల్లో పడింది.

"పాపం, రాణి నీకేం శిక్ష వేస్తుందో!" అన్నాడు అధికారి.

"శిక్షేమిటి అయ్యగారూ? రాణిగారు తమ కూతురి పెళ్లికి చీరలు అద్దిపెట్టమని ముందే కబురంపారు," అన్నాడు సింగన్న, మూట భుజానికెత్తుకుంటూ.